నల్లరేగడి కింద నాపరాయి: తాండూరు బండ తయారయ్యే తీరు

కలెక్టరేటు వికారాబాద్‌లో ఉన్నా, జిల్లాలో పెద్ద బజారు మాత్రం తాండూరుదే. 2011 జనాభా లెక్కల్లో వికారాబాద్ పట్టణంలో 53 వేల పైచిలుకు జనం ఉంటే, తాండూరులో 65 వేలు దాటారు. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుంచి విడిపోయి వికారాబాద్ కొత్త జిల్లా అయ్యాక జిల్లా ఆఫీసులు వికారాబాద్‌కు వచ్చాయి. అక్కడ నెల తిరిగేసరికి జీతమిచ్చే పెద్ద యజమాని సర్కారే. పూడూరు మండలం దామగుండం అడవిలో 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన నౌకాదళ కేంద్రం (జనం నోట రాడార్ స్టేషన్) కూడా ఆ ఖాతాలోకే వస్తుంది. తాండూరు సంగతి వేరు. సర్కారు కొలువు దొరకనివాడికి అక్కడ పని చూపించేది భూమి. పైన కంది పండుతుంది, కింద బండ దొరుకుతుంది. చిక్కేమిటంటే కింద ఉన్నది కావాలంటే పైన ఉన్నదాన్ని వదులుకోవాలి.

మన ఇళ్లలో, బడి వరండాల్లో, పాత రైల్వే ప్లాట్‌ఫాంల మీద పరిచిన షాబాద్ బండ, అంటే నాపరాయి, అందరికీ తెలిసిందే. షాబాద్ ఊరు కర్ణాటకలో, కలబురగి జిల్లాలో ఉంది. అయితే ఆ పేరుతో అమ్ముడుపోయే బండంతా అక్కడిది కాదు. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు భీమా నది పేరుతో పిలిచే సున్నపురాతి పరుపు అక్కడి నుంచి సరిహద్దు దాటి తాండూరు, బషీరాబాద్ మండలాల దాకా సాగింది. కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి రాయైంది. తర్వాత పెద్దగా మడత పడలేదు, ఒరగలేదు. అందుకే ఇవాళ్టికీ పొర మీద పొరగా, అప్పడాల దొంతరలా పడి ఉంది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కు నిజాం రైలు పడ్డప్పుడు ఆ దారి తాండూరు మీదుగానే వెళ్లింది. అంత బరువైన రాయి అగ్గువకు దూరాలు పోవాలంటే రైలే దిక్కు. తాండూరు వ్యాపార కేంద్రం కావడానికి రాయి ఎంత కారణమో ఈ పట్టాలూ అంతే కారణం.

ఆ రాయి నేలలోంచి లేచి మన నడవాలోకి ఎలా వస్తుందో వరసగా చూద్దాం. ఒక్కో అంచెలో ఎవరి చేతికి ఎంత పని దొరుకుతోందన్న దాని మీద ఓ కన్నేసి ఉంచండి. ఊరి బతుకు లెక్క అక్కడే తేలుతుంది.

మొదటి పని కాగితాలది. పట్టా భూమైతే రైతు ఒప్పుకోవాలి, సర్కారు భూమైతే లీజు కావాలి. గనుల శాఖలో దరఖాస్తు, సర్వే, రెవెన్యూ వాళ్ల అభ్యంతరం లేదన్న పత్రం, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, ఇవన్నీ దాటితే గానీ గుంత తవ్వడానికి లేదు. ఇక్కడో తమాషా ఉంది. ఇదే రాయిని పలకగా తీస్తే చిన్న తరహా ఖనిజం కింద, పరిచే వైశాల్యాన్ని బట్టి సర్కారుకు రాయల్టీ కట్టాలి. సిమెంటు కోసం పిండి కొట్టడానికి తీస్తే అది పెద్ద తరహా ఖనిజం, టన్నుల్లో తూచి కట్టాలి. రాయి ఒకటే, సర్కారు దాన్ని చూసే చూపు రెండు రకాలు. ఆ రెండు చూపుల వెనక రెండు రకాల యజమానులున్నారు. వాళ్ల దగ్గరికి తర్వాత వద్దాం.

రైతు ఒప్పుకోవడం అన్నంత తేలిక కాదు. ఆ భూమి ఏమిటో చూడండి. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పేరు మీద వచ్చింది. త్వరగా ఉడుకుతుందని, రుచి వేరని ఆ పప్పుకు పేరు. ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందంటే నేల నుంచే: లోతైన నల్లరేగడి, దాని అడుగున సున్నపురాయి. తాండూరులో కంది మీద పరిశోధన చేసే వ్యవసాయ కేంద్రం ఉంది, పప్పు మిల్లులున్నాయి. వానాకాలం మొదట్లో వేసిన కంది డిసెంబరు, జనవరి నెలల్లో కోతకొస్తుంది. నాలుగు వానలు సరిగ్గా పడితే సరి, పడకపోతే అప్పు. అదే పొలం కింద మంచి బండ ఉందని తెలిస్తే ఒక్కసారే పెద్ద మొత్తం చేతికొస్తుంది. బిడ్డ పెళ్లో, ఆస్పత్రి ఖర్చో ఎదురుగా ఉన్న రైతు ఆ లెక్క వేసుకుంటే తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కాకపోతే ఒకటి మాత్రం నిజం. కంది ఏటా పండుతుంది, బండ ఒక్కసారే వస్తుంది.

రెండో అంచె మట్టి తీయడం. ఇటాచీ యంత్రం వచ్చి నల్లమట్టిని గోకేస్తుంది. దాని కింద మొరం, ఆ కింద పగుళ్లు పడి పనికిరాని రాతి పెళ్లలు. మంచి పరుపు తగిలేదాకా వీటన్నిటినీ ఎత్తిపోయాలి. ఒక్కోచోట కొన్ని అడుగుల్లోనే తగులుతుంది, ఒక్కోచోట రెండు మనుషుల లోతు పోవాలి. ఈ మట్టికి ధర లేదు, ఖర్చే. కనుక గని యజమాని దాన్ని ఎంత దగ్గర్లో పోస్తే అంత లాభం. దాంతో నల్లమట్టి, మొరం, రాతిముక్కలు అన్నీ ఒకే గుట్టలో కలిసిపోతాయి. పై మట్టిని విడిగా నిల్వ చేయాలని పర్యావరణ అనుమతి షరతుల్లో మామూలుగానే రాసి ఉంటుంది. గని పక్కన కలగాపులగంగా లేచిన గుట్టను చూస్తే ఆ షరతు ఎంత అమలైందో చదువు రానివాడికీ తెలుస్తుంది. ఈ అంచెలో మనిషికి పని తక్కువే: యంత్రం నడిపేవాడు, టిప్పర్ డ్రైవరు, అంతే.

పరుపు బయటపడ్డాక దాన్ని శుభ్రంగా ఊడుస్తారు. ఇది చాలాచోట్ల ఆడవాళ్ల పని. చీపురు, తట్ట, పార. ఊడవకపోతే పగుళ్లు కనపడవు. పగుళ్లు కనపడకపోతే కోత గీత ఎక్కడ వేయాలో తెలియదు. సహజంగా ఉన్న పగులును ఒక వైపు అంచుగా వాడుకుంటే అంత మేరకు కోత మిగులుతుంది. ఎక్కడ గీత కొట్టాలో చెప్పే మేస్త్రీ చదువుకున్న ఇంజనీరు కాదు. కానీ అతని కన్ను తప్పితే రోజు కూలి మొత్తం ముక్కల గుట్ట పాలవుతుంది.

ఆ తర్వాత కోత యంత్రం. నేల మీద పట్టాల్లాంటి ఇనుప కమ్మీలు పరుస్తారు. వాటి మీద చక్రాలతో నడిచే బండికి గుండ్రటి రంపం ఉంటుంది, దాని అంచున వజ్రపు పొడి కలిపిన పళ్లు. కరెంటుతో తిరిగే ఆ రంపం ముందుకు పోతుంటే బండ మీద సన్నని గాడి పడుతుంది. నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస గీస్తే గని నేలంతా గళ్ల దుప్పటే. గళ్లు ఎంత కావాలో బజారు చెబుతుంది: రెండడుగుల చదరం, రెండుకు ఒకటి, ఇంకా పెద్దవి. ఈ యంత్రాలు రాకముందు ఈ పనంతా ఉలి, సమ్మెట, గడ్డపారలతోనే సాగేది. ఎక్కువమందికి పని ఉండేది, చదరం మాత్రం సరిగా కుదిరేది కాదు. యంత్రం వచ్చాక కొందరి పని పోయింది. వ్యర్థం తగ్గి గనికి నాలుగు రాళ్లు ఎక్కువ మిగిలాయి. రెండూ జరిగాయి.

అసలు పనితనమంతా ఇక తర్వాతి అంచెలోనే ఉంది. పొర లేపడం. గాడి పడ్డ గడి పక్కన ఒకతను గొంతుక్కూర్చుంటాడు. ఎడమ చేతిలో వెడల్పు మూతి ఉలి, కుడి చేతిలో చిన్న సమ్మెట. గాడిలోకి వంగి చూస్తే బండ పక్కల్లో వెంట్రుక వాసి గీతలు కనిపిస్తాయి. ఏ గీత దగ్గర లేపితే కావలసిన మందం వస్తుందో చూసుకుని అక్కడ ఉలి ఆనిస్తాడు. ఒక దెబ్బ. జానెడు జరిగి ఇంకో దెబ్బ. మళ్లీ జానెడు. బలమంతా ఒకేచోట పెడితే బండ అడ్డంగా విరిగి ఊరుకుంటుంది. అందుకని దెబ్బలు చిన్నవిగా, గీత పొడవునా సమంగా పడాలి. మొదట ఖంగుమని మోగిన రాయి కాసేపటికి బొంగురుపోతుంది. పొర కింద గాలి చేరిందన్నమాట. అప్పుడు ఉలి పక్కన పెట్టి, గడ్డపార మొన సందులోకి తోసి మెల్లగా ఎగేస్తే బండ మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. కింది ముఖం అప్పుడే తొలిసారి వెలుగు చూస్తుంది: తడిగా, చల్లగా, మట్టి మరకతో. నీలమో పసుపో అప్పుడే తేలుతుంది. బజారులో వీటికి తాండూరు బ్లూ, తాండూరు ఎల్లో అని పేర్లు.

లేపిన బండను నిలబెట్టి మళ్లీ ఒక తట్టు తడతారు. మోగితే మంచిది. మోగకపోతే లోపల కనపడని చీలిక ఉందని పక్కకు తోసేస్తారు. కూలి లెక్క రోజుకు కాదు, చదరపు అడుగుకు. పక్కకు తోసిన బండకు కూలి లేదు. ముందే బయానా తీసుకుని, సరిహద్దు అవతలి నుంచి కుటుంబాలతో వచ్చి గని దగ్గరే గుడిసె వేసుకున్నవాళ్లకు ఈ తట్టే ఆ రోజు తిండి లెక్క.

బరువు సంగతి కూడా చెప్పాలి. రెండడుగుల చదరం, అంగుళం మందం బండ దాదాపు 25 కిలోలు తూగుతుంది. ఇరవై ఐదు టన్నుల లారీ నిండాలంటే అలాంటివి వెయ్యి కావాలి, అంటే నాలుగు వేల చదరపు అడుగులు. గనిలో లేపినప్పుడు ఒకసారి, ట్రాక్టరు ఎక్కించినప్పుడు, దించినప్పుడు, మిషను మీద పెట్టినప్పుడు, పేర్చినప్పుడు, లారీకి ఎత్తినప్పుడు... మన ఇల్లు చేరేలోపు ఒక్కో బండ కనీసం అరడజను సార్లు మనిషి చేతుల్లోంచి పోతుంది. ఊరికి ఇంతమందికి పని దొరకడానికి కారణం అదే, నడుములు అరిగిపోవడానికి కారణమూ అదే.

వానాకాలంలో గుంతల్లో నీళ్లు నిండితే మోటార్లు పెట్టి తోడాలి. తోడలేని చోట పని బంద్. ఆ రోజుల్లో గని కూలీ పొలం పనికి పోతాడు. పొలం పని లేని ఎండాకాలంలో మళ్లీ గనికి వస్తాడు. ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఆసరాగా ఉన్నంత కాలం పల్లె నిలబడింది. పొలమే గనిగా మారితే ఆ ఆసరా పోతుంది.

తాండూరు చుట్టూ ఉన్న పాలిషింగ్ యూనిట్లలో తర్వాతి పని జరుగుతుంది. ముందు నాలుగు అంచులనూ మిషను మీద సరిచేస్తారు, మూల మట్టం కుదరాలి కదా. తర్వాత నునుపు పట్టడం. తిరిగే పళ్లేనికి అరగదీసే రాళ్లు బిగించి ఉంటాయి. ముందు గరుకువి, తర్వాత మెత్తనివి, చివరికి ఇంకా మెత్తనివి. పైనుంచి నీళ్లు ధారగా పడుతుండాలి, లేకపోతే వేడెక్కి బండ చిట్లుతుంది, దుమ్ము లేస్తుంది. గ్రానైటులా ఇది కఠినమైన రాయి కాదు, సున్నపురాయి, కత్తిమొనతో గీస్తే గీత పడుతుంది. కనుక తొందరగా నునుపెక్కుతుంది, అద్దంలా మాత్రం మెరవదు. నా కంటికి ఆ మెరుపు లేకపోవడమే దాని అందం. వేసవి మధ్యాహ్నం చాప లేకుండా పడుకునేవాళ్లను అడగండి, మెరుపు గురించి ఎవరూ మాట్లాడరు.

పాలిష్ పట్టేటప్పుడు రాతి పొడి కలిసి కారే పాల రంగు నీళ్లు ఎక్కడికి పోతాయన్నది ఈ పరిశ్రమ దాటవేసే ప్రశ్న. తొట్టెల్లో నిలిపి, పేరిన రాతి బురదను తీసి వేరేచోట పోయాలి. తొట్టెలు సరిగా ఉన్న యూనిట్లో అలాగే చేస్తారు. లేనిచోట కాలువలోకి, రోడ్డు వారకు. ఎండాక లారీ చక్రాల కింద నలిగి తెల్లటి దుమ్మై లేస్తుంది. తాండూరు రోడ్ల మీద స్కూటరు నడిపేవాళ్లు మూతికి గుడ్డ కట్టుకోవడం కరోనా నేర్పిన అలవాటు కాదు.

ఆరిన బండలను సైజుల వారీగా నిలువుగా పేరుస్తారు. లారీలోనూ పడుకోబెట్టరు, అంచు మీద నిలబెట్టి మధ్యన వరిగడ్డి దోపుతారు. ఇది హమాలీల పనితనం. ఒక్క వరస వదులైతే హైదరాబాద్ చేరేసరికి సగం ముక్కలే మిగులుతాయి. సరుకు మహారాష్ట్రకూ పోతుంది. రేవు దాటి ఇంగ్లండులో పెరటి బాటలకు పరిచే తాండూరు బ్లూ కూడా ఇదే. మన దగ్గర అది చవక బండ, అక్కడ ఇండియా నుంచి తెప్పించుకున్న రాయి. ఈ మధ్యలో పెరిగిన ధరలో గడ్డపార పట్టినవాడికి చేరేది ఎంతో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు రెండో రకం యజమానుల దగ్గరికి వద్దాం. పలకలుగా లేవని చోట, లేచినా పనికిరాని చోట సున్నపురాయి సిమెంటు అవుతుంది. సిమెంటుకు మూలమైన క్లింకరు ఒక టన్ను తయారవ్వాలంటే దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలి. కరన్‌కోట్‌లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ ఉంది, ఏటా పది లక్షల టన్నుల సామర్థ్యం దానిది. మల్కాపూర్‌లో ఇండియా సిమెంట్స్, బెల్కటూరు దగ్గర పెన్నా సిమెంట్ ఉన్నాయి. 2024లో పెన్నా అదానీల చేతిలోని అంబుజా కిందికి వెళ్లింది, అదే ఏడాది చివరికి ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ కిందికి చేరింది. తాండూరు చిమ్నీల్లో రెండు ఏడాది తిరక్కుండా దేశంలోకెల్లా పెద్ద సిమెంటు గ్రూపుల పరమయ్యాయన్నమాట.

తాండూరులో పెద్ద యజమాని ఎవరని అడిగితే ఎవరైనా చిమ్నీ వైపే చెయ్యి చూపిస్తారు. నెల జీతం, పీఎఫ్, కాలనీ క్వార్టరు, బస్సు, ఇవన్నీ అక్కడే ఉన్నాయి. కాదనలేం. కానీ లోపల రాయి బెల్టు మీద పోతుంది, కొలిమిని ఒక గదిలో కూర్చుని తెరల మీద చూస్తూ నడుపుతారు. చెయ్యి పెట్టే పని ప్యాకింగు, లోడింగు దగ్గర, అదీ ఎక్కువగా కాంట్రాక్టు మీద. అదే టన్ను రాయి బండగా పోతే మేస్త్రీ, ఉలి పట్టినవాడు, ఊడ్చే ఆమె, ట్రాక్టరు డ్రైవరు, పాలిష్ చేసేవాడు, హమాలీ, చివరికి మన ఇంట్లో పరిచే తాపీ మేస్త్రీ, ఇంతమందిని తాకి పోతుంది. ఊరికి పని పంచేది బండే. అయితే ఆ పంచడంలో పీఎఫ్ లేదు, సెలవు లేదు, కాలు విరిగితే అడిగే దిక్కు లేదు. ఒకడు కొద్దిమందికి సరిగా ఇస్తాడు, ఇంకొకడు ఎక్కువమందికి అరకొరగా ఇస్తాడు.

ఆ ఎక్కువమందిని పోషించే బండకే ఇప్పుడు గడ్డుకాలం. గుజరాత్ మోర్బీ నుంచి వచ్చే విట్రిఫైడ్ టైళ్లన్నీ ఒకే మందం. నాపరాయి అలా కాదు, ఒకటి ముప్పావు అంగుళం, పక్కది అంగుళంపావు. కింద మాలు ఎక్కువ తక్కువ చేస్తూ మట్టం తేవాలి, పరిచాక మళ్లీ పాలిష్ పట్టాలి. బండ ధర తక్కువైనా పరిచే కూలి ఎక్కువ. అందుకే మేస్త్రీలే టైల్ వేసుకోమంటారు. దానికి తోడు ఇది సున్నపురాయి. బాత్రూం కడిగే ఆసిడ్ చుక్క పడితే నురగొచ్చి తెల్ల మచ్చ పడుతుంది, నిమ్మరసానిదీ అదే వరస. ఆ సంగతి ముందే చెప్పి, మందం సరిచేసిన సరుకు విడిగా అమ్మే యూనిట్లు నిలదొక్కుకుంటాయని నా అంచనా. మిగతావి ఇదివరకటిలాగే వంద అడుగులకు రూపాయి తగ్గించుకుంటూ పోటీపడితే చివరికి ఆ కోత పడేది కూలీ మీదే.

గని అయిపోయాక ఏం జరుగుతుందన్నది తయారీలో ఆఖరి అంచె. దాన్ని తయారీ కింద ఎవరూ లెక్కపెట్టరు. గుంత అలాగే ఉంటుంది, వానకు నిండుతుంది, పశువులు జారిపడతాయి, పిల్లలు ఈతకు దిగుతారు. పక్కన గుట్ట అలాగే ఉంటుంది. దాంట్లో సగం రాతిముక్కలే, సిమెంటుకు కావలసిన సున్నపురాయే అది. మట్టి కలవకుండా గని దగ్గరే వేరుచేస్తే ఫ్యాక్టరీలకు అమ్ముకోవచ్చు. కలిపేశాక దాన్ని కొనమని ఏ ఫ్యాక్టరీనీ అడగలేం.

డబ్బు లేదనడానికి వీల్లేదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి గనులున్న జిల్లాకో ఖనిజ నిధి పెట్టారు. గనుల వాళ్లు రాయల్టీకి అదనంగా కట్టే సొమ్ము అందులోకి పోతుంది, గనుల వల్ల నష్టపోయిన ఊళ్లకే ఖర్చు కావాలి. వికారాబాద్ కలెక్టరేటులో ఆ ఫైలు చూసేవాళ్లకు నా మనవి మూడు ముక్కలు. ఆ నిధిలోంచి ముందు వదిలేసిన గుంతల చుట్టూ కంచె వేయించండి. లీజు పొడిగించే ముందు నల్లమట్టి విడిగా పోశారా లేదా అని మనిషిని పంపి చూడండి. గనుల్లో చదరపు అడుగుల లెక్కన పనిచేసేవాళ్ల పేర్లు ఒక రిజిస్టరులోకి ఎక్కించండి. పేరే లేనివాడికి ప్రమాదం జరిగితే, అక్కడ పనిచేసినట్టు రుజువు చేసుకుని పరిహారం తెచ్చుకోవడం చాలా కష్టం.